మధ్య ఇంజన్ స్పోర్ట్స్ కారు: ట్రాక్ మీద నడిపే తీరు

ఇంజన్ డ్రైవరు సీటుకు వెనక, వెనక ఇరుసుకు ముందు ఉండే కారును మధ్య ఇంజన్ స్పోర్ట్స్ కారు అంటారు. ఇంజన్ శక్తి సాధారణంగా వెనక చక్రాలకు అందుతుంది. ఫెరారీ, లాంబోర్గినీ, మెక్‌లారెన్ కంపెనీల పేరున్న మోడళ్లు చాలావరకు ఈ కోవలోవే. పోర్షే బాక్‌స్టర్, కేమన్ కూడా అంతే. దశాబ్దాల పాటు ముందు ఇంజన్‌తో వచ్చిన షెవ్రొలే కార్వెట్ 2020 మోడల్‌తో ఈ పద్ధతికి మారింది.

ట్రాక్ డే అంటే రేసు ట్రాక్ మీద, పోటీ లేకుండా, నిర్వాహకుల పర్యవేక్షణలో కారును వేగంగా నడుపుకునే రోజు. గెలుపోటములు ఉండవు. ఎవరి సామర్థ్యం వారు పెంచుకోవడానికే వస్తారు. మామూలు కార్లతో చెయ్యి తిరిగిన డ్రైవరు మధ్య ఇంజన్ కారుతో ట్రాక్ ఎక్కినప్పుడు మార్చుకోవాల్సింది ముఖ్యంగా కాళ్ల అలవాటు. ఈ కారును చురుగ్గా తిప్పే గుణమే దాన్ని అదుపు తప్పిస్తుంది కూడా. పొరపాటు జరిగాక దిద్దుకునే వ్యవధి ఇందులో తక్కువ.

బరువు ఎక్కడుంది, ఎటు కదులుతుంది

కారు మలుపు తిరగాలంటే ముందుకు సాగడంతో పాటు తన చుట్టూ తాను కూడా కొంత తిరగాలి. బరువు నడిమికి దూరంగా, రెండు కొసల్లో ఉంటే ఆ తిప్పడం కష్టం, తిరిగాక ఆపడమూ కష్టమే. కావడి మోసేవాడికి ఈ సంగతి ఒంటికి తెలుసు. బిందెలు కావడి బద్ద కొసల్లో వేలాడుతుంటే గిర్రున తిరగలేడు, అవే భుజానికి దగ్గరగా ఉంటే సులువుగా తిరుగుతాడు. కారులో అన్నిటికన్నా బరువైన భాగాల్లో ఒకటైన ఇంజన్‌ను నడిమికి తెచ్చారంటే స్టీరింగ్ తిప్పీ తిప్పగానే కారు ముక్కు మలుపులోకి వస్తుంది.

మామూలు ముందు ఇంజన్ హ్యాచ్‌బ్యాక్‌లో బరువు ముందు చక్రాల మీద 60 శాతం, వెనక 40 శాతం వరకు ఉంటుంది. మధ్య ఇంజన్ కారులో ముందు 40 నుంచి 45, వెనక 55 నుంచి 60 శాతం పడుతుంది. దీని వల్ల రెండు లాభాలున్నాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వెనక చక్రాలు నేలను గట్టిగా పట్టి తోస్తాయి. బ్రేకు వేసినప్పుడు నాలుగు చక్రాలూ పని పంచుకుంటాయి.

రెండో లాభాన్ని చిన్న లెక్కతో చూడవచ్చు. 1,400 కిలోల మధ్య ఇంజన్ కారు తీసుకుందాం. బరువు ముందు 630, వెనక 770 కిలోలు. గురుత్వ కేంద్రం ఎత్తు 45 సెంటీమీటర్లు, ఇరుసుల మధ్య దూరం రెండున్నర మీటర్లు. గురుత్వ త్వరణమంత గట్టిగా బ్రేకు వేస్తే మొత్తం బరువులో 18 శాతం, అంటే 252 కిలోలు వెనక నుంచి ముందుకు మారుతుంది. అప్పుడు ముందు 882, వెనక 518 కిలోలు పడుతుంది. అంతే బరువున్న హ్యాచ్‌బ్యాక్‌లో గురుత్వ కేంద్రం 55 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే మారే బరువు 308 కిలోలు. వెనక మిగిలేది 252 కిలోలే. మొదటి కారులో వెనక చక్రాల మీద 37 శాతం బరువు నిలిచింది, రెండోదానిలో 18 శాతమే. మధ్య ఇంజన్ కారు తక్కువ దూరంలో, తొణకకుండా ఆగడానికి ఇదొక ముఖ్య కారణం.

చిక్కు కూడా ఈ లెక్కలోనే ఉంది. మలుపు నడుమ డ్రైవరు భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తే బరువు ముందుకు జారుతుంది, వెనక టైర్ల పట్టు సడలుతుంది. వెనక భాగంలో ఉన్న ఇంజన్ బరువు మలుపు బయటివైపు లాగుతూనే ఉంటుంది. బరువు నడిమిలో ఉండటం వల్ల కారు తిరగడం మొదలెడితే వేగంగా తిరుగుతుంది. ముందు ఇంజన్ కారు జారబోయే ముందు కాస్త ఊగి హెచ్చరిస్తుంది. మధ్య ఇంజన్ కారు ఆ వ్యవధి ఇవ్వదు.

రేసుల్లో ఈ పద్ధతి వచ్చిన దారి

ఇంజన్‌ను డ్రైవరు వెనక పెట్టిన కార్లతో గ్రాండ్ ప్రీ రేసుల్లో పెద్ద విజయాలు సాధించిన తొలి కంపెనీ జర్మనీకి చెందిన ఆటో యూనియన్. ఫెర్డినాండ్ పోర్షే రూపకల్పన చేసిన ఆ పదహారు సిలిండర్ల కార్లు 1934 నుంచి బరిలో ఉన్నాయి. డ్రైవరు బాగా ముందుకు కూర్చునేవాడు, కారు వెనక భాగం జారడం అతనికి ఆలస్యంగా తెలిసేది. అప్పటికే పేరు పడ్డ డ్రైవర్లు కొందరు దానితో తంటాలు పడ్డారు. మోటారు సైకిల్ రేసుల నుంచి నేరుగా వచ్చిన బెర్న్ రోజ్‌మేయర్‌కు మాత్రం అది లొంగింది. ముందు ఇంజన్ రేసు కారు అలవాట్లేవీ అతనికి లేవు. 1936లో యూరోపియన్ చాంపియన్ అయ్యాడు. 1938 జనవరిలో రహదారి మీద వేగ రికార్డు కోసం ప్రయత్నిస్తూ చనిపోయాడు. ఆ ఏడాది అదే జట్టులో చేరిన తాజియో నువొలారీ కూడా మోటారు సైకిళ్ల నుంచి వచ్చినవాడే.

రెండో ప్రపంచ యుద్ధానంతరం బ్రిటన్‌లో కూపర్ కంపెనీ ఈ పద్ధతిని చిన్న, తేలికైన కార్లలోకి తెచ్చింది. 1958లో అర్జెంటీనా గ్రాండ్ ప్రీని స్టిర్లింగ్ మాస్ కూపర్ కారులో గెలిచాడు. 1959, 1960 ప్రపంచ టైటిళ్లు కూపర్ నడిపిన జాక్ బ్రాభమ్‌కు దక్కాయి. 1960 ఇటాలియన్ గ్రాండ్ ప్రీ తర్వాత ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు ఏదీ ముందు ఇంజన్ కారు గెలవలేదు.

రోడ్డు కార్లలో 1966 నాటి లాంబోర్గినీ మియురా ఈ పద్ధతికి మోజు తెచ్చింది. ఫియట్ ఎక్స్ 1/9, టయోటా ఎంఆర్ 2 దాన్ని మధ్యతరగతికి దగ్గర చేశాయి. రెండో తరం ఎంఆర్ 2 మలుపుల్లో ఉన్నట్టుండి తిరిగిపోతుందన్న పేరు తెచ్చుకోవడంతో టయోటా 1990ల తొలినాళ్లలోనే దాని సస్పెన్షన్‌ను సవరించింది. 1990లో వచ్చిన హోండా ఎన్ఎస్ఎక్స్ రూపొందుతున్న దశలో ఐర్టన్ సెన్నా దాన్ని నడిపి సలహాలిచ్చాడు. రోజూ నడుపుకోగలిగిన మధ్య ఇంజన్ కారుగా అది పేరు తెచ్చుకుంది.

మార్చుకోవాల్సిన అలవాట్లు

మన దగ్గర ఎక్కువమంది డ్రైవింగ్ నేర్చుకునేది మారుతీ 800, ఆల్టో, స్విఫ్ట్ వంటి ముందు చక్రాలకు శక్తి అందే కార్లలో. వాటిలో మలుపు మరీ వేగంగా తీసుకుంటే కారు ముక్కు బయటికి పోతుంది. యాక్సిలరేటర్ వదిలితే ముందు చక్రాల మీద బరువు పడి, పట్టు దొరికి, కారు దారిలోకి వస్తుంది. ఏళ్ల తరబడి ప్రాణాలు కాపాడిన ఈ అలవాటే మధ్య ఇంజన్ కారును రోడ్డుకు అడ్డంగా తిప్పేస్తుంది. కాబట్టి శిక్షకులు మొదట నేర్పేది కాలును ఒక్కసారిగా ఎత్తకపోవడం.

ఒక మలుపును దగ్గర నుంచి చూద్దాం. పొడవాటి తిన్నని దారి చివర కుడివైపు మలుపు. కారు ట్రాక్ ఎడమ అంచున ఉంది. స్టీరింగ్ తిన్నగా ఉండగానే డ్రైవరు బ్రేకును గట్టిగా తొక్కుతాడు. గేర్లు ఒక్కొక్కటిగా దించుతాడు. మాన్యువల్ గేరు కారైతే ప్రతి దించుడుకూ మడమతో యాక్సిలరేటర్‌ను చిన్నగా తట్టి ఇంజన్ వేగం కలపాలి. కలపకుండా క్లచ్ వదిలితే వెనక చక్రాలు బిగుసుకుని కారు అక్కడే తిరుగుతుంది. స్టీరింగ్ తిప్పడం మొదలైన క్షణం నుంచి బ్రేకు మీద ఒత్తిడి మెల్లగా తగ్గుతూ పోతుంది, ఒకేసారి వదలడు. ముందు చక్రాల మీద బరువు నిలిచి ఉండాలి, ఎందుకంటే ఈ కారు ముక్కు తేలిక. బ్రేకు తొందరగా వదిలేసి యాక్సిలరేటర్ తొక్కితే ముక్కు పైకి లేచి కారు తిరగనంటుంది. మలుపు లోపలి అంచును తాకే చోటికి బ్రేకు ఒత్తిడి సున్నా అవుతుంది. అక్కడ యాక్సిలరేటర్‌ను ఆనీ ఆనకుండా ఆనించి, స్టీరింగ్ తిన్నబడే కొద్దీ కాలు నొక్కుతూ బయటి అంచుకు వస్తాడు.

ఇదంతా జరిగేది కొన్ని సెకన్లలో. బ్రేకు వదలడానికీ యాక్సిలరేటర్ అందుకోవడానికీ నడుమ కాలు గాలిలో ఉన్న క్షణమే ఈ కారుకు గండం. కొత్తవారు మలుపులోకి బ్రేకును కొనసాగించే ఈ పద్ధతిని మొదటి రోజే ప్రయత్నించకూడదు. ముందు తిన్నని దారిలోనే బ్రేకు పని పూర్తి చేసి, కాస్త తక్కువ వేగంతో మలుపులోకి వచ్చి, నిలకడైన యాక్సిలరేటర్‌తో బయటపడటం నేర్చుకోవాలి. అది ఒంటబట్టాక బ్రేకు వదిలే చోటును కొద్దికొద్దిగా మలుపు లోపలికి జరుపుకోవచ్చు.

వెనక భాగం జారడం మొదలైతే చేతులతో స్టీరింగ్‌ను అది జారుతున్న వైపే తిప్పాలి, కాలు మాత్రం నిలకడగా ఉండాలి. పట్టు దొరకగానే స్టీరింగ్‌ను అంతే వేగంగా తిన్నగా తేవాలి. తేకపోతే కారు ఎదురు దిక్కుకు కొరడాలా విసురుకుంటుంది. మొదటి జారుడును కాచుకున్న డ్రైవర్లు చాలామంది ఈ రెండో విసురుకే దొరికిపోతారు. రెండూ చెయ్యి దాటాక మిగిలే మార్గం ఒకటే: క్లచ్, బ్రేకు పూర్తిగా తొక్కి కారును ఆపడం.

చూపు అలవాటు కూడా మారాలి. మధ్య ఇంజన్ కారులో బానెట్ పొట్టిగా, కిందికి వాలి ఉంటుంది. ముక్కు ఎక్కడుందో కంటికి ఆనదు. వెనక అద్దంలో కనిపించేది కొద్దిపాటే. అందుకని బానెట్ వైపు చూడకుండా బ్రేకు గుర్తు, మలుపు లోపలి అంచు, బయటికి వచ్చే చోటు వరసగా చూడటం అభ్యసించాలి. వెనక నుంచి వచ్చేవారికి ఎక్కడ దారి ఇవ్వాలో ట్రాక్ డే మొదట్లో జరిగే సమావేశంలో చెబుతారు. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కార్లలో దాన్ని ఆపకుండానే మొదటి రోజులు గడపడం మంచిది. అది ఎన్నిసార్లు కలగజేసుకుంటోందో గమనిస్తే డ్రైవరు తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.

వేడి, బ్రేకులు, టైర్లు

మధ్య ఇంజన్ కారులో ఇంజన్‌కు ఎదురుగాలి నేరుగా తగలదు. పక్కల ఉన్న రంధ్రాల గుండా గాలిని మళ్లించాలి, లేదా ముక్కులో పెట్టిన రేడియేటర్ నుంచి పొడవాటి గొట్టాల్లో నీటిని తిప్పాలి. ట్రాక్ మీద కొన్ని ల్యాపులు నడిచాక ఇంజన్ గది కాగిపోతుంది. అందుకే చివరి ల్యాపును బ్రేకులు పెద్దగా వాడకుండా నెమ్మదిగా తిరిగి, ఆగాక హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరులో ఉంచుతారు. కాగిన డిస్కును ప్యాడ్లు పట్టి ఉంచితే దెబ్బతింటుంది.

బ్రేకు నూనె విషయంలో అశ్రద్ధ పనికిరాదు. డాట్ 3 రకం కొత్త నూనె కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా, డాట్ 4 రకం 230 దాకా, డాట్ 5.1 రకం 260 దాకా మరగకుండా ఉండాలి. నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరాక ఇదే కనిష్ఠం డాట్ 3కి 140, డాట్ 4కు 155, డాట్ 5.1కు 180 డిగ్రీలకు పడిపోతుంది. మరిగిన నూనెలో బుడగలు చేరితే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది. ట్రాక్ డేకు ముందు నూనె మార్పించడం అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో దొరికే రక్షణ.

టైర్లలో గాలి వేడికి వ్యాకోచించి పీడనం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు కాస్త తగ్గించి, ట్రాక్ నుంచి రాగానే కొలిచి సరిచూసుకుంటారు. మధ్య ఇంజన్ కార్లకు వెనక టైర్లు వెడల్పుగా ఉంటాయి, బరువూ శక్తీ వాటి మీదే కాబట్టి ముందుగా అరుగుతాయి. అరిగిన వెనక టైర్లకు కొత్త ముందు టైర్లు జత చేస్తే కారు తిరిగిపోయే గుణం ఇంకా పెరుగుతుంది.

దక్షిణాది ట్రాకులు, తెలుగువారు

దక్షిణ భారతంలో కారు రేసులకు పుట్టిల్లు మద్రాసు శివారు షోలవరం. రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రన్‌వే మీద అక్కడ పోటీలు జరిగేవి. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ తర్వాత చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వత ట్రాక్ కట్టుకుంది. 1990లో మొదలైన ఈ ట్రాక్ పొడవు 3.717 కిలోమీటర్లు. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు.

కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు నాయుడు కుటుంబాలు మిల్లులతో పాటు మోటారు రంగాన్నీ పెంచాయి. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ స్వయంగా రేసర్, కార్ల రూపకర్త. ఆయన రూపొందించిన ఫార్ములా మారుతీ సింగిల్ సీటర్‌లో మారుతీ ఇంజన్‌నే డ్రైవరు వెనక అమర్చారు. తక్కువ ఖర్చుతో దేశంలోని కుర్రాళ్లు వెనక నుంచి తోసే రేసు కారు నడపడం నేర్చుకున్నది దాని మీదే. 1995లో విమాన ప్రమాదంలో కరివర్ధన్ చనిపోయాడు. 2003లో మొదలైన కోయంబత్తూరు ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు.

అదే నగరం నుంచి వచ్చిన నరైన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టుతో ఫార్ములా వన్‌లో అడుగు పెట్టిన తొలి భారతీయుడు. మధ్య ఇంజన్ స్పోర్ట్స్ కారుతోనూ ఆయనకు ఒక మంచి విజయముంది. 2019 నవంబరులో జపాన్‌లోని ఫుజీ ట్రాక్ మీద సూపర్ జీటీ, డీటీఎం రేసు సిరీస్‌ల కార్లు కలిసి పోటీ పడ్డ ప్రత్యేక రేసుల్లో ఒకదాన్ని హోండా ఎన్ఎస్ఎక్స్ జీటీతో గెలిచాడు. మరుసటి ఏడాది కొత్త నిబంధనల వల్ల హోండా ఆ రేసు కారు ఇంజన్‌ను ముందుకు మార్చాల్సి వచ్చింది.

సికింద్రాబాదులో పుట్టిన తమిళ నటుడు అజిత్ కుమార్ జట్టు 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసులో పాల్గొంది. 911 ఆధారంగా చేసిన పోర్షే 992 కప్ కారు ఇంజన్ వెనక ఇరుసుకు కూడా వెనక ఉంటుంది. ఆ కారులో జట్టు తన తరగతిలో మూడో స్థానం తెచ్చుకుంది.

హైదరాబాదులో 2022 నవంబరు, డిసెంబరు నెలల్లో హుస్సేన్‌సాగర్ తీరాన వీధి సర్క్యూట్ మీద ఇండియన్ రేసింగ్ లీగ్ కార్లు పరుగెత్తాయి. వాడిన కారు ఇటలీలో తయారైన వుల్ఫ్ జీబీ 08 థండర్. కార్బన్ ఫైబర్ దేహం, డ్రైవరు వెనక 1,100 సీసీ అప్రిలియా మోటారు సైకిల్ ఇంజన్, 220 హార్స్‌పవర్. తెలుగు నేల మీద మధ్య ఇంజన్ స్పోర్ట్స్ కార్లు బహిరంగంగా, క్రమబద్ధంగా పోటీ పడిన సందర్భం ఇది. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టు తరఫున నగరవాసి అనిందిత్ రెడ్డితో పాటు 2016 లే మాన్ 24 గంటల విజేత నీల్ జానీ కారు నడిపాడు. తర్వాత ఈ జట్టును నటుడు అక్కినేని నాగచైతన్య తీసుకున్నాడు. అదే ప్రాంతంలో 2023 ఫిబ్రవరి 11న 2.83 కిలోమీటర్ల, 18 మలుపుల దారిలో ఫార్ములా ఈ విద్యుత్ కార్ల రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024 రేసు రద్దయింది.

భారత్‌లో మధ్య ఇంజన్ స్పోర్ట్స్ కారు తయారీకి పేరున్న ప్రయత్నం డీసీ అవంతి. దిలీప్ ఛాబ్రియా సంస్థ 2012 ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో దాన్ని చూపింది. రెండు లీటర్ల రెనో టర్బో ఇంజన్ సీట్ల వెనక ఉంటుంది.

కనిగిరి నుంచి చూస్తే

ట్రాకులకు దూరంగా ఉన్న ఊళ్లకు ఉదాహరణగా ఆంధ్రప్రదేశ్ మెట్ట ప్రాంతంలోని కనిగిరిని తీసుకుందాం. దాని చుట్టుపక్కల రేసు ట్రాక్ లేదు. 565 నంబరు జాతీయ రహదారి మీదుగా ఉత్తరానికి మార్కాపురం, మాచర్ల, నాగార్జునసాగర్ దాటి నల్లగొండ వైపు వెళ్లవచ్చు. దక్షిణానికి పామూరు దారి. అందుబాటులో ఉన్న శాశ్వత ట్రాకుల్లో ఒకటి ఇరుంగాట్టుకోట్టై, అక్కడికి వెళ్లాలంటే చెన్నై దాకానే సుమారు 300 కిలోమీటర్లు. నేలకు జానెడు ఎత్తు కూడా ఉండని స్పోర్ట్స్ కారు ఊళ్లలోని స్పీడు బ్రేకర్లు దాటడం కష్టం. రోడ్డు వారన కల్లాల్లో మిర్చి ఆరే కాలంలో, ట్రాక్టర్లు, లోడు బండ్లు నిండుగా తిరిగే దారుల్లో అది మరీ కష్టం. అందుకే ఇలాంటి కార్లను ట్రాక్ దాకా ఫ్లాట్‌బెడ్ లారీ మీద తీసుకుపోవడం వాడుక.

సీటు కింద ఇంజన్ ఉన్న బండ్లు మాత్రం ఈ ప్రాంతానికి కొత్త కావు. 1984లో వచ్చి 2019 దాకా తయారైన మారుతీ ఓమ్ని వ్యానులో 796 సీసీ ఇంజన్ ముందు సీట్ల కింద ఉండి వెనక చక్రాలను తిప్పేది. 2005లో వచ్చిన టాటా ఏస్‌లోనూ ఇంజన్ సీటు కిందే. ఖాళీ ఏస్ వానలో తడిసిన రోడ్డు మీద వెనక చక్రాల పట్టు తప్పడం, లోడుతో ఉన్న బండి మలుపులో బయటికి తోయడం డ్రైవర్లు రోజూ చూసేవే. బరువు కదలికను గమనించే ఈ ఒడుపు ట్రాక్ మీదా పనికొస్తుంది. ఇంకా చవకగా నేర్చుకోవాలంటే గో కార్టు మేలు. దాని ఇంజన్ డ్రైవరు పక్కన ఉండి వెనక ఇరుసును తిప్పుతుంది, బ్రేకు తప్పుగా వదిలితే తక్కువ వేగంలోనే ఆ సంగతి తెలిసిపోతుంది.

చట్టం, బీమా

ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రజా రహదారి మీద పందేలు, వేగ పరీక్షలు నేరం. 1988 మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద, 2019 సవరణ ప్రకారం, మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు. మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు లేదా 10,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. ఒంగోలు, చిలకలూరిపేటల నడుమ జాతీయ రహదారి మీద కొరిశపాడు, రేణింగవరం దగ్గర కాంక్రీటుతో కట్టిన పొడవాటి రన్‌వేకూ ఇదే చట్టం. 2022 డిసెంబరు 29న వాయుసేన విమానాలు దాని మీదుగా ప్రయోగాత్మకంగా ఎగిరాయి. అది అత్యవసర విమానాల కోసం కట్టింది, మిగతా వేళల్లో మామూలు రహదారి.

సాధారణ కారు బీమా పాలసీలు రేసులు, వేగ పరీక్షల్లో జరిగిన నష్టాన్ని మినహాయిస్తాయి. ట్రాక్ డేలో దెబ్బతిన్న కారుకు పరిహారం వస్తుందో లేదో పాలసీ పత్రం చదివి, నిర్వాహకులను అడిగి ముందే తేల్చుకోవాలి. హెల్మెట్, పూర్తి చేతుల దుస్తులు, పలచటి అడుగున్న బూట్లు, మంటలార్పే పరికరం, ఊడి పడే వస్తువులేవీ లేని కారు కనీస అవసరాలు. మొదటి రోజుకు శిక్షకుడిని పక్క సీట్లో కూర్చోబెట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఒక జత వెనక టైర్ల ధరలో చిన్న వంతు.